వంటయింటి విజ్ఞానము: కనబడు మంట, కనబడని వేడి



మన కర్నూలు, కడప జిల్లాలలో జొన్నరొట్టె తట్టు ఇల్లాలికి వేడిని కొలుచు యంత్రముతో పనిలేదు. ఆమె పెనమును పొయ్యిమీద పెట్టి నాలుగు నీటిచుక్కలు చిలుకరించును. చుక్క పరచుకొని మెల్లగా ఇగిరినచో పెనము ఇంకను కాగలేదని తెలిసికొనును. చుయ్యిమని వెంటనే ఇగిరినచో రొట్టె వేయును. చుక్క ముత్యమువలె గుండ్రనై పెనముమీద పరుగులు తీసినచో వేడి మితిమీరినదని గ్రహించి కట్టెను వెనుకకు లాగును. మిక్కిలి కాగిన లోహముపై పడిన చుక్కకు అడుగున ఆవిరిపొర యొకటి ఏర్పడి, దానిని పెనమునకు తగులనీయక పైకెత్తి పట్టుకొనును. లైడెన్‌ఫ్రాస్ట్ అను జర్మను వైద్యుడు 1756లో దీనినిగూర్చి గ్రంథము వ్రాసెను. ఆయన పేరెరుగకయే మన అవ్వలును జేజెమ్మలును ఈ పరీక్షను నిత్యము చేయుచు వచ్చిరి.

వారికి కట్టెల గుణము కూడ తెలియును. కందికట్టె చురుకుగా మండి త్వరగా ఆరును. పిడక నిదానముగా కాలును. వేరుసెనగ పొట్టు గుప్పున అంటుకొనును. ఏ వంటకమునకు ఏ మంట కావలెనో వారికి కంటితోను చేతితోను అబ్బిన విద్య. అయితే ఆ విద్యకు కన్ను ఆధారము. గ్యాసు ఓవెను తలుపు మూసిన పిమ్మట కంటికి పని తక్కువ. లోపలి వేడి కనబడదు. పాతకాలపు ఓవెనులలో అడుగున నిలిచి వెలుగు చిన్నదీపము కూడ కనబడదు. ఈ రెండింటిని ఎరుగనివారికి మొదటిదానివలన వంట చెడును, రెండవదానివలన ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. ఈ మాసము ఆ రెండింటిని గూర్చి ముచ్చటింతము.

ఈ సంగతి మనకేల యని కొందరు అడుగవచ్చును. మన సీమనుండి కొమార్తె ప్రసవమునకై అమెరికా మొదలగు దేశములకు వెళ్ళు తల్లులు నేడు ఎందరో కలరు. అచ్చటి పాత ఇండ్లలో ఏబది, అరువది యేండ్లనాటి గ్యాసు పొయ్యిలు ఇంకను వాడుకలో నున్నవి. అల్లుడు పనికి వెళ్ళును. బాలింతయు పసిబిడ్డయు ప్రక్కగదిలో నిద్రించుచుందురు. వంటయింటిలో తల్లి యొక్కతెయే. ఆ పొయ్యి స్వభావమును ఆమె ముందుగా తెలిసికొనియుండుట అవసరము. ఇక మన ఊళ్ళలోనే గ్యాసు ఓవెను కొని రాగిబిస్కట్టులు, కేకులు చేయు ఇల్లాండ్రకును వేడి సంగతి అంతే అవసరము.

మంట వేరు, వేడి వేరు

మన దేశమున వంటగ్యాసు 1955లో బర్మాషెల్ కంపెనీవారు బొంబాయిలో అమ్ముటతో వ్యాపించుట మొదలుపెట్టెను. 1965లో ఇండియన్ ఆయిల్ వారి ఇండేన్ వచ్చెను. పల్లెటూళ్ళలోని పేద యిండ్లకు అది చేరుట చాల ఆలస్యమైనది. 1999లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము దీపము పథకమును పెట్టి స్త్రీల పేరిట గ్యాసు కనెక్షనులు ఇప్పించినది. 2016లో కేంద్రప్రభుత్వము ఉజ్జ్వల పథకమును ఆరంభించినది. 2024 దీపావళినాట దీపము పేరితోనే ఏటికి మూడు సిలిండర్లు ఉచితముగా నిచ్చు పథకము మన రాష్ట్రమున మొదలైనది. ఇట్లు పొగ తగ్గి కండ్లకు కొంత సుఖము కలిగినది. కాని కట్టెల పొయ్యిమీద నేర్చిన మెలకువను గ్యాసు పొయ్యికి అనువుగా మార్చుకొనవలెను.

మొదట తెలియవలసినది మంట రంగు. గ్యాసు పొయ్యిలో గ్యాసు మండుటకు పూర్వమే గాలితో కలియును. 1855 ప్రాంతమున బున్సెన్ అను జర్మను రసాయనశాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో ఈ తీరు దీపము ప్రసిద్ధికెక్కినది. గాలి చాలినంత కలిసినచో మంట నీలముగా నుండి నిలుకడగా మండును. చాలనిచో పసుపుపచ్చగా నాలుకలు చాచును, గిన్నె అడుగున మసి పట్టును, గ్యాసు వృథాయగును. అంతేగాక కార్బన్ మోనాక్సైడ్ అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. కావున గిన్నె అడుగు నల్లబడుట కనిపించినచో తోముకొని ఊరకుండరాదు. బర్నరు రంధ్రములను సూదితో శుభ్రపరచవలెను. అప్పటికిని మంట పచ్చగానే యున్నచో మెకానికుకు చూపవలెను.

రెండవది, మంట పెంచిన మాత్రమున వేడి పెరుగదు. ఎసరు తెర్లుచున్నప్పుడు నీటి వేడి సుమారు 100 డిగ్రీలు. ఆపైన మంట ఎంత పెంచినను నీరు త్వరగా ఆవిరియగునేగాని 100 దాటి కాగదు. సంగటికి ఎసరు మరగిన తరువాత పెద్దమంట పెట్టినవారికి అడుగంటుటయు గ్యాసు ఖర్చగుటయు తప్ప లాభము లేదు. మూత బిగించి ఆవిరిని అణచు ప్రెషరు కుక్కరులో మాత్రము వేడి సుమారు 120 డిగ్రీలకు చేరును. అందుచేతనే పప్పు త్వరగా ఉడుకును. నూనె, పెనము, ఓవెను ఈ మూడింటికి అట్టి హద్దు లేదు. మంట ఉన్నంతసేపు అవి కాగుచునే యుండును. కావున వేడిని కనిపెట్టవలసినది ముఖ్యముగా అచ్చటనే.

కట్టెల మంట పెనము అడుగంతయు ప్రాకును. గ్యాసు మంట వలయమువలె నుండుటచే పెనము ఒకచోట అధికముగా, ఒకచోట అల్పముగా కాగును. జొన్నరొట్టె గ్యాసుమీద మచ్చలుమచ్చలుగా మాడుటకు ఇదియే హేతువు. దళసరి ఇనుప పెనమును చిన్నమంటపై కొంతసేపు ముందుగా కాగనిచ్చినచో వేడి అంతట సమముగా పరచుకొనును.

ఓవెనులోని వేడి

బేకరీలోని ఇటుకల ఓవెనులో పూర్వము కట్టెలు లోపలనే మండించి, ఇటుకలు బాగుగా కాగిన పిమ్మట నిప్పులను ప్రక్కకు త్రోసి రొట్టెలు పెట్టుచుండిరి. రొట్టెను కాల్చునది మంట కాదు, ఇటుకలు దాచుకొనిన వేడి. గ్యాసు ఓవెనుకును ఇదే సూత్రము. అందుచేత వెలిగించిన వెంటనే పిండి పెట్టరాదు. పదునైదు, ఇరువది నిమిషములు ఖాళీగా కాగనిచ్చి, గోడలు వేడెక్కిన పిమ్మట పెట్టవలెను. తలుపు మాటిమాటికి తెరచి చూచినచో దాచిన వేడి పోవును, కేకు నడుమ క్రుంగును. అమెరికాలో చేంబర్సు అను కంపెనీవారు గోడలు దళసరిగా కట్టి, కాగిన తరువాత గ్యాసు ఆపివేసినను వంట సాగునట్టి పొయ్యిలు చేసి అమ్మిరి.

వేడిని తానుగా అదుపులో నుంచు మరను థెర్మోస్టాట్ అందురు. ఇంగ్లండులో 1923లో న్యూవరల్డ్ అను గ్యాసుకుక్కరులో రెగ్యులో అను పేర ఇది వచ్చినది. దానిలో ఇత్తడి గొట్టమొకటి, దాని నడుమ ఇన్వార్ అను మిశ్రలోహపు కడ్డీ యొకటి ఉండును. ఇత్తడి వేడికి సాగును. ఇన్వార్ దాదాపు సాగదు. గొట్టము సాగినకొలది కడ్డీ వెనుకకు లాగబడి గ్యాసుదారిని ఇరుకుచేయును. చల్లారినచో మరల దారి తెరచును. దారి పూర్తిగా ఎన్నడును మూతపడదు. మంట ఆరకుండునంతటి గ్యాసు వచ్చుచునే యుండును.

ఆ కుక్కరుల పిడికి డిగ్రీలు వ్రాయక 1, 2, 3 అని అంకెలు వేసిరి. ఇంగ్లీషు వంటపుస్తకములలోని గ్యాసు మార్కు అనునది ఇదియే. 1 అనిన 275 ఫారన్‌హీటు డిగ్రీలు. అచ్చటినుండి అంకెకు 25 చొప్పున పెరుగును. 4 అనిన 350, అనగా మన సెంటీగ్రేడులో సుమారు 177. 6 అనిన 400, అనగా సుమారు 204. అమెరికా పొయ్యిలపై ఫారన్‌హీటు డిగ్రీలే యుండును. దానిలో 32 తీసివేసి, మిగిలినదానిని 5చే గుణించి 9చే భాగించినచో సెంటీగ్రేడు వచ్చును. 350 చూచి సెంటీగ్రేడు అనుకొన్నవారు పొరబడినవారగుదురు. 180 అని మన పుస్తకములో చదివి అమెరికా పిడిని 180 మీద పెట్టినవారి కేకు ఎన్నటికిని కాలదు. సామాన్యముగా కేకులకు 175 నుండి 180 సెంటీగ్రేడు, రొట్టెలకు 200 నుండి 220, నెమ్మదిగా కాల్చవలసినవానికి 150 చాలును.

మరియొక హెచ్చరిక. చౌకరకపు ఓవెనుల పిడిమీద అంకెలున్నను లోపల థెర్మోస్టాట్ ఉండకపోవచ్చును. అప్పుడా అంకె మంట పరిమాణమును మాత్రము తెల్పును, వేడిని తెల్పదు. పాతవానిలో థెర్మోస్టాట్ ఉన్నను ఏండ్లు గడచినకొలది లెక్క తప్పును. అట్టి ఓవెనును చక్కెరతో పరీక్షింపవచ్చును. చక్కెర సుమారు 186 డిగ్రీల వద్ద కరగును. చిన్న రేకుపళ్ళెములో ఒక చెంచాడు చక్కెర వేసి, పిడిని 175 సెంటీగ్రేడు మీద ఉంచి, ఓవెను కాగిన తరువాత పదునైదు నిమిషములు లోపల పెట్టుడు. చక్కెర పలుకులుగానే ఉండవలెను. కరగినచో మీ ఓవెను చెప్పినదానికన్న అధికముగా కాగుచున్నది. పిమ్మట పిడిని 190కి త్రిప్పి, వేడి నిలిచిన తరువాత వేరొక చెంచాడు చక్కెరతో మరల పదునైదు నిమిషములు చూడుడు. ఇప్పుడు కరగవలెను. కరగనిచో ఓవెను తక్కువగా కాగుచున్నది. ఆ తేడాను ఒక కాగితముమీద వ్రాసి ఓవెను ప్రక్కన అంటించుకొన్నచో ప్రతి వంటకును పనికివచ్చును. ఓవెనులో నిలుపు చిన్న ఉష్ణమాపకము దొరికినచో ఇంకను మేలు.

రాగి, కొర్ర పిండ్లతో బిస్కట్టులు చేయువారు ఇది తప్పక గమనింపవలెను. మైదా బిస్కట్టు కాలినప్పుడు అంచు ఎరుపెక్కి కంటికి తెలియును. రాగిపిండి మొదటనే ముదురు రంగుగా నుండుటచే మాడినదాక కంటికి తెలియదు. అట్టి పిండికి వేడిని, కాలమును కొలిచి చేయుటకంటె వేరు మార్గము లేదు.

నిలిచి వెలుగు చిన్నదీపము

ఇక పైలట్ దీపము. పూర్వపు అమెరికా పొయ్యిలలో అగ్గిపుల్లతో పనిలేకుండుటకై రేయుంబవళ్ళు ఒక చిన్నమంట వెలుగుచుండునట్లు ఏర్పాటు చేసిరి. గుడిలో అఖండదీపమునుండి తక్కిన దీపములను వెలిగించినట్లు, పిడి త్రిప్పగానే వచ్చు గ్యాసు ఈ మంటకు తగిలి అంటుకొనును. పైపొయ్యిల నడుమ ఒకటి, ఓవెను అడుగున ఒకటి ఉండుట వాడుక. తరువాతి కాలమున విద్యుత్తు నిప్పురవ్వతో వెలుగు పొయ్యిలు వచ్చి దీని స్థానమును ఆక్రమించినవి. మన దేశపు సామాన్యమైన రెండు పొయ్యిల స్టౌలో ఇది లేదు. కాబట్టియే మనవారికి దీనితో పరిచయము లేదు.

ఈ దీపమువలన ఉపకారము లేకపోలేదు. దాని వెచ్చదనముచే ఓవెను లోపల ఎప్పుడును గోరువెచ్చగా నుండును. చలిదేశమున పెరుగు తోడుకొనుటకును, ఇడ్లీపిండి పులియుటకును మన ఆడువారు ఆ తావును వాడుకొనుచుందురు. అయితే లోపల పిండిగిన్నె ఉన్నదని మరచి ఓవెను వెలిగించినచో, గిన్నె ప్లాస్టికుదైన కరగి నిప్పంటుకొనును. లోపల ఏదైన పెట్టినప్పుడు పిడిమీద ఒక గుడ్డపీలిక కట్టుట మంచిది. మరియు ఇంటిలో నిత్యము మంట ఉన్నదను మాట మరువరాదు. బొద్దింకల మందు చిమ్ముట, స్పిరిటుతో తుడుచుట, పైటచెంగును పొయ్యిపై వ్రేలాడనిచ్చుట ఇవి అపాయకరములు.

ఈ దీపము ఆరిపోయిన సంగతి ఏమి? మంట ఆరినను గ్యాసు వచ్చుచునే యుండును. దీనికి కావలిగా థెర్మోకపుల్ అను పరికరము కలదు. రెండు వేరువేరు లోహపు తీగెల కొనలను కలిపి ఆ కూడలిని కాచినచో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. జర్మను శాస్త్రజ్ఞుడు సీబెక్ 1821లో ఈ ఫలమును కనుగొనెను. పైలట్ మంటలో ఆ కొన కాగుచున్నంతకాలము పుట్టు విద్యుత్తు ఒక చిన్న అయస్కాంతమును నడపి గ్యాసు కవాటమును తెరచి పట్టుకొనును. దాని బలము టార్చిలైటు బ్యాటరీలో సుమారు ఏబదవ వంతు మాత్రమే. మంట ఆరి కొన చల్లారగానే కవాటము తానే మూసికొనును. దీపమును వెలిగించునప్పుడు పిడిని అర నిమిషము నొక్కి పట్టుమనుట ఆ కొన కాగుటకే.

ఇంత మంచి కావలి అన్ని పాతపొయ్యిలకు లేదు. ముఖ్యముగా పైపొయ్యిల దీపములకు చాలవాటిలో లేదు. గాలికి ఆరినను, అన్నపుగంజి పొంగి ఆర్పినను, ఆ కొద్దిపాటి గ్యాసు అట్లే వచ్చుచుండును. కావున గంజి పొంగిన ప్రతిసారియు దీపము వెలుగుచున్నదో లేదో చూడవలెను.

వాసన వచ్చినప్పుడు

వంటగ్యాసునకు సహజముగా వాసన లేదు. కారుచున్న సంగతి తెలియుటకై మెర్కాప్టాన్ అను దుర్గంధద్రవ్యమును స్వల్పముగా కలుపుదురు. ఆ వాసన ఇక్కడను అమెరికాలోను ఇంచుమించుగా ఒక్కటే. కాని గ్యాసు వేరు. మన సిలిండరులోనిది గాలికన్న ఒకటిన్నర నుండి రెండింతలు బరువు. అది క్రిందికి దిగి నేలమీద పరచుకొనును. అక్కడ గొట్టములలో వచ్చునది చాలవరకు సహజవాయువు. అది గాలికన్న తేలిక, పైకి పోవును.

మన మట్టిమిద్దెలలో పొయ్యికి పైని గవాక్షి యుండును. పొగ పైకి పోవునది గనుక ఆ గవాక్షి కట్టెల పొయ్యికి చక్కగా సరిపోయినది. కాని సిలిండరు గ్యాసు కారినప్పుడు గవాక్షి ఏమియు చేయజాలదు. గ్యాసు నేలబారున గడపవరకు ప్రాకి అచ్చటనే నిలుచును. అందుచేత వంటయింటిలో నేలకు దగ్గరగా గాలి పోవుటకు ఒక దారి ఉండవలెను. కడప బండతో గట్టు కట్టి, పొయ్యిని గట్టుమీదను సిలిండరును నేలపై నిలువుగాను ఉంచుట మంచి పద్ధతి. రబ్బరు గొట్టమును అయిదేండ్లకొకసారి, చీలిక కనిపించినచో అంతకు ముందే, మార్చవలెను.

పైలట్ దీపము ఆరినదని తెలిసి, కొద్దిగా మాత్రము వాసన ఉన్నచో, అన్ని పిడులను కట్టి, ఓవెను తలుపును, కిటికీలను తెరచి కనీసము అయిదు నిమిషములు వేచియుండవలెను. వాసన పూర్తిగా పోయినదాక నిప్పు మాట తలపెట్టరాదు. ముక్కు వాసనకు అలవాటుపడి మొద్దుబారును. మీకు వాసన పోయినట్లు తోచినను, బయటినుండి వచ్చినవారిని అడిగి రూఢిపరచుకొనుడు. పిమ్మట ఓవెను తలుపు తెరచియుంచి, ముందు అగ్గిపుల్ల గీసి దీపము నోటికి చేర్చి, తరువాతనే గ్యాసు తెరవవలెను. గ్యాసు ముందు తెరచి అగ్గిపుల్లకై వెదకుట ప్రమాదమునకు దారి. మొగము ఓవెను నోటికి ఎదురుగా ఉంచరాదు.

వాసన ఘాటుగా ఉన్నచో వెలిగించు ప్రయత్నమే వలదు. ఏ విద్యుద్దీపపు మీటను వేయరాదు, ఆర్పరాదు. ఆ చిన్న నిప్పురవ్వయే చాలును. బిడ్డను, బాలింతను తీసికొని ముందు బయటికి నడువవలెను. ఇచ్చట 1906 అను నంబరునకు, అమెరికాలో గ్యాసు కంపెనీకి గాని 911కి గాని బయటినుండియే ఫోను చేయవలెను. పొయ్యిమీది గిన్నె మాడునని వెనుకకు పోరాదు.

మరియొక మాట. సహజవాయువునకు చేసిన పొయ్యిని మన సిలిండరుకు తగిలింపరాదు. రెండింటికి గ్యాసు వచ్చు జెట్టు రంధ్రము వేరు. ముచ్చటపడి తెచ్చుకొన్న పాతపొయ్యి యైనచో తెలిసిన మెకానికుచే జెట్టు మార్పించిన పిమ్మటనే వాడవలెను. గ్యాసు గీజరును మూసిన స్నానపుగదిలో పెట్టుట కూడ ప్రాణాంతకము. అచ్చట గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుట్టి, వాసనయైన తెలియకుండ మనిషిని పడవేయును.

పరదేశమునకు పోవు తల్లులు ఆ యింట అడుగుపెట్టిన నాడే కొమార్తెను గాని అల్లుని గాని మూడు సంగతులు అడిగి తెలిసికొందురు గాక. ఈ పొయ్యికి పైలట్ దీపము కలదా, కలదేని ఎచ్చట? ఇంటికి వచ్చు గ్యాసును పూర్తిగా కట్టు కవాటము ఎచ్చట నున్నది? వాసన వచ్చినచో ఏ నంబరునకు చెప్పవలెను? వీని జవాబులను తెలుగులో పెద్ద అక్షరములతో వ్రాసి వంటయింటి తలుపుకు అంటింపుడు. కొత్త ఊరి పెనమును నీటిచుక్కతో పరీక్షించు ఇల్లాలు కొత్త ఇంటి పొయ్యిని ఈ మూడు ప్రశ్నలతో పరీక్షించుట న్యాయము.